బోర్డ్ గేమ్ కంపెనీ పెడదామా? ముందు ఈ లెక్క చూడండి

నిజం చెప్పాలంటే ఈ ఎపిసోడ్ నా లిస్ట్‌లో లేదు. పోయిన ఆదివారం రాత్రి పదకొండున్నరకి నా బీటెక్ రూమ్మేట్ ఫోన్ చేశాడు. "మామా, రేపు రిజైన్ చేస్తున్నా. మెయిల్ డ్రాఫ్ట్‌లో ఉంది, పొద్దున్నే కొట్టేస్తా" అన్నాడు. ఎందుకురా అంటే, బోర్డ్ గేమ్ పబ్లిషింగ్ కంపెనీ పెడతాడట.

నవ్వకండి, వాడి గేమ్ నిజంగా బాగుంటుంది. పండక్కి ఊరెళ్ళే రష్‌లో బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం కదా, అదే గేమ్. కార్డుల మీద సీట్లు, కర్చీఫ్‌లు, మధ్యలో కండక్టర్. హాస్టల్‌లో చార్ట్ పేపర్ కట్ చేసి ఆడిన రోజుల నుంచి నాకు తెలుసు. కాబట్టి గేమ్ గురించి నాకు భయం లేదు. నా భయం అంతా వాడి దగ్గరున్న 4 లక్షల గురించే. అందులో లక్ష వాళ్ళ నాన్న ఇచ్చింది.

ఆ రాత్రి రెండింటి దాకా ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. అదే లెక్క మీకూ చెప్తాను. దానికన్నా ముందు ఒక నిజం కథ వినండి. అది వింటే లెక్క ఎందుకో అర్థమవుతుంది.

2012లో అమెరికాలో రెండు బోర్డ్ గేమ్స్ కిక్‌స్టార్టర్‌లోకి వచ్చాయి. కిక్‌స్టార్టర్ తెలియని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా. "నేను ఈ వస్తువు తయారు చేస్తా, ముందే డబ్బు ఇవ్వండి" అని జనాన్ని అడిగే వెబ్‌సైట్ అది. పెట్టుకున్న టార్గెట్ దాటితేనే డబ్బు మన చేతికి వస్తుంది, దాటకపోతే రూపాయి కూడా రాదు.

మొదటి గేమ్ పేరు 'ది డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ'. వాళ్ళు అడిగింది 35 వేల డాలర్లు, వచ్చింది 1,22,874 డాలర్లు. అంటే అడిగినదానికి మూడింతల పైనే. రెండో గేమ్ పేరు 'విటికల్చర్'. ఇటలీలో ద్రాక్షతోట పెట్టి వైన్ తయారు చేసే గేమ్. దానికి వచ్చింది దాదాపు 66 వేల డాలర్లు, అంటే మొదటిదానిలో సగం పైచిలుకు.

ఇప్పుడు చెప్పండి, ఈ రెండిట్లో ఏ కంపెనీ బతికింది?

తక్కువ డబ్బు వచ్చిందే బతికింది. విటికల్చర్ చేసిన స్టోన్‌మేయర్ గేమ్స్ ఇవాళ ప్రపంచంలో పేరున్న బోర్డ్ గేమ్ కంపెనీల్లో ఒకటి. 2019లో 'వింగ్‌స్పాన్' అని పక్షుల గేమ్ తెచ్చింది వాళ్ళే. అదే ఏడాది దానికి జర్మనీలో కెన్నర్‌ష్పీల్ అవార్డు వచ్చింది. బోర్డ్ గేమ్స్‌లో అది చాలా పెద్ద గౌరవం.

మరి లక్షా 22 వేల డాలర్లు వచ్చినవాళ్ళు? 2013లో ప్రాజెక్ట్ క్యాన్సిల్ అని పోస్ట్ పెట్టారు. గేమ్ ప్రింట్ అవ్వలేదు. డబ్బు కట్టిన పన్నెండొందల మందికి పైగా జనంలో చాలామందికి రీఫండ్ కూడా రాలేదు. చివరికి 2015లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. క్రౌడ్‌ఫండింగ్ మీద ఆ సంస్థ పెట్టిన మొట్టమొదటి కేసు అదే. వాళ్ళ ఆరోపణ ఏంటంటే, గేమ్ కోసం వచ్చిన డబ్బులో చాలా భాగం యజమాని ఇంటి అద్దెకి, వేరే రాష్ట్రానికి మకాం మార్చడానికి, సొంత సామాన్లకి, ఇంకో ప్రాజెక్ట్ లైసెన్సులకి పోయిందని. తర్వాత వేరే కంపెనీ ఒకటి ఆ గేమ్‌ని ప్రింట్ చేసి, పాపం డబ్బు కట్టినవాళ్ళకి ఉచితంగా పంపింది. అది వేరే విషయం.

ఇక్కడ "వాడు మోసగాడు, మనం కాదు" అనుకుని స్క్రోల్ చేసేయకండి. అసలు పాయింట్ అది కాదు. ఆ యజమాని క్యాన్సిల్ చేస్తూ రాసిన దాంట్లో ఒక మాట ఉంది. ఆ డబ్బుతో ఒక గేమ్ మాత్రమే కాదు, ఒక కంపెనీ పెట్టాలనేది మొదట్నుంచీ తన ఆలోచన అని. తప్పు జరిగింది సరిగ్గా అక్కడే. జనం ఇచ్చింది ఒక గేమ్‌కి, ఖర్చయింది కంపెనీ మీద.

మన ఊరి లెక్కలో చెప్తా. పెళ్లికి కేటరింగ్ ఆయనకి అడ్వాన్స్ ఇచ్చాం అనుకోండి. ఆ డబ్బు ఆయన సంపాదన కాదు. అది బియ్యం, నూనె, కూరగాయలది. ఆయన దాంతో షాపు అద్దె కట్టేస్తే, పెళ్లి రోజు బంతి దగ్గర కూర్చున్న మన ముందు విస్తరి మాత్రమే ఉంటుంది. ప్రీ-ఆర్డర్ డబ్బు కూడా అంతే. అకౌంట్‌లో కనపడుతుంది కానీ అది మనది కాదు, మనం తీర్చాల్సిన అప్పు.

ఇది చెప్పగానే మావాడు ఫోన్‌లో సైలెంట్ అయిపోయాడు. ఎందుకంటే వాడి ప్లాన్‌లో మూడో లైన్ ఏంటో తెలుసా? "150 మంది ప్రీ-ఆర్డర్ ఇస్తామన్నారు. తలా వెయ్యి అంటే లక్షా యాభై వేలు. ఆరు నెలలు రూమ్ రెంట్, ఖర్చులు వెళ్ళిపోతాయి."

సరే, ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పెన్ను పేపర్ తీసుకోండి, లేకపోతే ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేయండి.

వాడి గేమ్ ఎంఆర్‌పీ 1000 రూపాయలు. ప్రింటర్ ఇచ్చిన కొటేషన్ 1000 కాపీలకి. కార్డులు, డబ్బా, రూల్ బుక్, ఇంటిదాకా రవాణా అన్నీ కలిపి కాపీకి 280. అంటే 2 లక్షల 80 వేలు. బొమ్మలు వేసే అమ్మాయికి 60 వేలు. మొత్తం 3 లక్షల 40 వేలు. నాలుగు లక్షల్లో మిగిలింది అరవై వేలు. ఇంకా ఒక్క కాపీ కూడా అమ్మలేదు, గుర్తుంచుకోండి.

"వందో రెండొందలో ప్రింట్ చేయొచ్చుగా" అని మీకు డౌట్ రావచ్చు. చేయొచ్చు, కానీ కాపీ రేటు చాలా పెరిగిపోతుంది. ప్రింటింగ్‌లో మెషిన్ సెట్ చేయడానికి, డబ్బాకి డై చేయించడానికి అయ్యే ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా దాదాపు ఒకటే. అందుకే బోర్డ్ గేమ్స్ చేసే పెద్ద ఫ్యాక్టరీలు చాలావరకు 1000, 1500 కాపీలకి తక్కువైతే ఆర్డరే తీసుకోవు.

ఇప్పుడు అమ్మకం. షాపులో 1000కి అమ్మితే మనకి 1000 రాదు. మామూలుగా షాపువాడు సగం ధరకి కొంటాడు. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉంటే మన చేతికి వచ్చేది దాదాపు 40 శాతం. అంటే 400. అందులో ప్రింటింగ్ 280 పోతే మిగిలేది 120. వెయ్యి కాపీలూ అమ్ముడైతే లక్షా 20 వేలు. బొమ్మల ఖర్చు తీసేస్తే 60 వేలు. జీఎస్టీ, పాడైపోయిన డబ్బాలు ఇందులో కలపలేదు, కలిపితే ఇంకా తగ్గుతుంది.

ఏడాది కష్టపడి, వెయ్యి కాపీల్లో ఆఖరి కాపీ దాకా అమ్మితే మిగిలేది అరవై వేలు. వాడి ఒక నెల జీతం దానికన్నా ఎక్కువ.

"షాపులెందుకు మామా, ఇన్‌స్టాలో డైరెక్ట్‌గా అమ్ముతా" అన్నాడు. మంచిదే. కొరియర్, ప్యాకింగ్‌కి 120 వేసుకున్నాం, పేమెంట్ గేట్‌వేకి 20, ఒక్కో కస్టమర్‌ని పట్టుకోవడానికి యాడ్స్ ఖర్చు 200. ప్రింటింగ్ 280. మిగిలేది 380. షాపు కంటే బెటరే. కానీ వెయ్యిమంది ముక్కూమొహం తెలియని వాళ్ళని వాడొక్కడే వెతుక్కోవాలి. ఇవి మేం వేసుకున్న అంకెలు, మీ గేమ్‌కి మీ అంకెలు వేసుకోండి. పద్ధతి మాత్రం అదే.

ఈ ఫీల్డ్‌లో చాలామంది పాటించే రూల్ ఒకటి ఉంది. మన చేతికి కాపీ చేరేసరికి ఎంతైందో, ఎంఆర్‌పీ దానికి కనీసం ఐదు రెట్లు ఉండాలి. వాడి లెక్కలో 280 ఇంటూ 5, అంటే 1400. కాబట్టి వాడి ముందు రెండే దార్లు. ధర 1400 చేయాలి, లేదా ఖర్చు 200కి దించాలి. కార్డులు తగ్గించాలి, డబ్బా చిన్నది చేయాలి. డిజైనర్‌గా వాడికి ఆ పెద్ద డబ్బా అంటే ప్రాణం. పబ్లిషర్‌గా ముందు కోయాల్సింది ఆ డబ్బానే. గేమ్ డిజైన్ చేయడం వేరు, పబ్లిష్ చేయడం వేరు అని అందుకే అంటారు.

మరి స్టోన్‌మేయర్ వాళ్ళు ఏం చేశారు? జేమీ స్టెగ్‌మేయర్, ఆలన్ స్టోన్ అని ఇద్దరు, రెండు ఇంటిపేర్లు కలిపితే స్టోన్‌మేయర్. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సినవి నాకు రెండు కనపడ్డాయి. ఒకటి, విటికల్చర్ కోసం జేమీ ఉద్యోగం మానలేదు. ఉద్యోగం చేస్తూనే ఆ గేమ్ ప్రింట్ చేయించి, అందరికీ పంపి, రెండో గేమ్ 'యుఫోరియా' కూడా క్లిక్ అయ్యాకే ఫుల్ టైమ్‌లోకి వచ్చాడు. అందుకే గేమ్ డబ్బులోంచి ఇంటి అద్దె తీయాల్సిన అవసరం రాలేదు. రెండు, గేమ్ నచ్చకపోతే వెనక్కి పంపండి, డబ్బు ఇచ్చేస్తాం అని గ్యారంటీ ఇచ్చారు. ఆ మాట ఇవ్వాలంటే ఆ డబ్బు ఎవరిదో మనకి గుర్తుండాలి కదా.

అలాగని ఒకసారి నిలబడితే ఇక ఢోకా లేదని కాదు. ఈ గేమ్స్ ఎక్కువ భాగం తయారయ్యేది చైనాలో. 2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరుకు మీద సుంకం 145 శాతానికి పెంచింది. అంటే తయారీకి 10 డాలర్లు అయితే, పోర్టులో కట్టాల్సిన పన్ను 14 డాలర్ల 50 సెంట్లు. వస్తువు కన్నా పన్ను ఎక్కువ! స్టోన్‌మేయర్ ఇంకొన్ని చిన్న కంపెనీలతో కలిసి కోర్టుకి వెళ్ళింది. తర్వాతి నెలలో ఆ సుంకం తగ్గించారు. కానీ ఆ మధ్యలో సరుకు రెడీ చేసుకున్న చిన్న పబ్లిషర్ల పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. సముద్రం మీద ఉన్న కంటైనర్ ఆగదు, ఫ్యాక్టరీకి ఇవ్వాల్సిన బిల్లూ ఆగదు.

మన దగ్గర చేసేవాళ్ళకి ఇంకో విషయం. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. డబ్బా మీద వయసు ఎంత అని వేస్తున్నారో, మీ గేమ్ ఎవరి కోసమో, ప్రింటింగ్‌కి ఇచ్చే ముందే తెలిసినవాళ్ళని అడిగి చూసుకోండి. వెయ్యి డబ్బాలు ఇంటికొచ్చాక కాదు.

సరే, మావాడు ఏం చేశాడు? రిజైన్ మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. డిలీట్ చేయమని నేను చెప్పలేదు, వాడూ చేయలేదు. ముందు 20 కాపీలు దగ్గర్లోని డిజిటల్ ప్రింట్ షాపులో తీయించాడు. వాటిని తెలియనివాళ్ళకి ఇచ్చి, పక్కన కూర్చుని నోరు మూసుకోవాలి. రూల్స్ చెప్పకూడదు, హెల్ప్ చేయకూడదు. ఎందుకంటే డబ్బా కొన్నవాడి ఇంట్లో మనం ఉండం, రూల్ బుక్ ఒక్కటే ఉంటుంది.

మొదటి రోజే దొరికిపోయాడు. ఆట మొదలై పది నిమిషాలు కాకముందే ఒకమ్మాయి అడిగింది, "రెండు కర్చీఫ్‌లు ఒకేసారి ఒకే సీటు మీద పడితే ఎవరిది?" అని. హాస్టల్‌లో అయితే అరుచుకుని తేల్చుకునేవాళ్ళం. రూల్ బుక్‌లో మాత్రం ఆ సంగతే లేదు. అదే వెయ్యి కాపీలు ప్రింట్ అయ్యాక తెలిసి ఉంటే?

"మామా, ఆ ఒక్క ప్రశ్న నాకు రెండు లక్షల ఎనభై వేలు మిగిల్చింది" అన్నాడు.

మీలో ఎవరి దగ్గరైనా ఇలాంటి గేమ్ ఉంటే ఆపొద్దు, చేయండి. ఉద్యోగం చేస్తూ చేయండి, లెక్క రాసుకుని చేయండి. ప్రీ-ఆర్డర్ డబ్బు వేరే అకౌంట్‌లో పెట్టి, ఆఖరి డబ్బా కస్టమర్ చేతికి చేరేదాకా అందులోంచి టీకి కూడా రూపాయి తీయకండి.

వాడి గేమ్ వచ్చే పండక్కి రెడీ అవుతుందేమో చూద్దాం. అయితే ఊరెళ్ళే బస్సులోనే ఆడి, ఎలా ఉందో చెప్తాను. సీటు దొరికితే. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.