వీడియో చూసి అల్లుతున్నారా? 20 కుట్లు 27 ఎలా అవుతాయో పక్కన కూర్చున్నవాళ్లే చెప్పగలరు!

ఫోన్‌లో వీడియో చూశారు. రెండు సూదులు, ఒక ఊలు ఉండ కొన్నారు. 20 కుట్లు ఎక్కించి మఫ్లర్ మొదలుపెట్టారు. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు మంచం మీద పరిచి చూస్తే కింద సన్నగా ఉన్న మఫ్లర్ పైకి వచ్చేకొద్దీ వెడల్పు అయిపోయింది. సూది మీద కుట్లు లెక్కపెడితే 27! మరి ఆ ఏడు ఎక్కడి నుంచి వచ్చాయి?

చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. 'మనకు రాదులే' అనుకుని ఊలు, సూదులు కవర్లో చుట్టి అటక మీద పడేస్తారు. నిజానికి అది చేతకానితనం కాదు. అల్లిక నేర్చుకునే ప్రతి ఒక్కరూ చేసే పొరపాటే. తెలిసినవాళ్లు పక్కన ఉంటే నిమిషంలో పట్టేస్తారు. వీడియో మాత్రం పట్టలేదు. ఎందుకంటే వీడియోను మీరు చూస్తారు కానీ, మీ చేతిలోని కుట్టును వీడియో చూడదు కదా!

అల్లేవాళ్లు నలుగురు కలిసి కూర్చోవడం వెనుక అసలు కారణం ఇదే. కబుర్లు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్యలోనే ఎన్నో తప్పులు సరిదిద్దుకుంటారు. వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే చిట్కాలేంటో ఇప్పుడు చూద్దాం.

నిట్టింగ్, క్రోషె ఒకటేనా?

కాదు. నిట్టింగ్‌కు రెండు సూదులు కావాలి. ఒక వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. క్రోషెకు కొక్కెం ఉన్న ఒకే సూది చాలు. సాధారణంగా ఒక కుట్టు పూర్తయ్యాకే ఇంకో కుట్టు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు అల్లేది ఈ క్రోషె పద్ధతిలోనే. దానికి 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మన స్వెట్టర్లు, మఫ్లర్లు, మంకీ క్యాపులు ఎక్కువగా నిట్టింగ్ రకమే.

నిట్టింగ్‌లో ప్రధానంగా ఉండేవి రెండే కుట్లు. ఒకటి నిట్, రెండోది పర్ల్. హిందీ ప్రాంతాల్లో వీటినే సీధా, ఉల్టా అంటారు. నిజానికి రెండూ ఒకే కుట్టుకు ముందు, వెనుక వైపులు. ఈ రెండింటినీ మార్చి మార్చి వాడితేనే చాలా డిజైన్లు వస్తాయి.

ఆ ఏడు కుట్లు ఎక్కడివి?

అపార్ట్‌మెంట్ కింద ఎండలో కూర్చున్న ఇద్దరి మధ్య మాట ఇలా ఉంటుంది.

"అక్కా, ఇది పెరిగిపోతోంది. నేనేమీ కలపలేదు."

"ఏదీ, నా ముందు ఒక వరుస అల్లు.. ఆగాగు! మొదటి కుట్టు దగ్గర దారాన్ని సూది పైనుంచి వెనక్కి లాగుతున్నావు చూడు. అందుకే ఒక కుట్టు రెండుగా కనిపిస్తోంది. నువ్వు రెండూ అల్లేస్తున్నావు."

విషయం అంతే. వరుస అయిపోయి సూది తిప్పినప్పుడు మొదటి కుట్టు కింద నుంచి దారం వేలాడుతుంటుంది. దాన్ని సూది పైనుంచి వెనక్కి లాగితే ఆ కుట్టు రెండు కాళ్లూ పైకి లేస్తాయి. చూసేవాళ్లకు రెండు కుట్లలా కనిపిస్తాయి. దారాన్ని ముందువైపు కిందకు వదిలి, సూది కింద నుంచే వెనక్కి తీసుకెళ్తే ఈ సమస్య రాదు.

ఒకవేళ వరుస మధ్యలో చిన్న రంధ్రం కనిపించి, కుట్టు పెరిగితే కారణం వేరు. దారం పొరపాటున సూదికి ఒకసారి ఎక్కువ చుట్టుకుంది అని అర్థం. డిజైన్ కోసం కావాలనే ఇలా చేస్తారు, దాన్ని యార్న్ ఓవర్ అంటారు. మీరు కావాలని చేయలేదు కాబట్టి అది తప్పు అయింది.

అన్నింటికంటే తేలికైన మందు ఒకటుంది. మొదట్లో ప్రతి వరుస చివర కుట్లు లెక్కపెట్టండి. 20 ఉండాల్సింది 21 అయితే ఆ వరుసలోనే దొరికిపోతుంది. ఏడు పెరిగాక వెతకడం కష్టం.

సగంలో లేచి వెళ్లారా?

కుక్కర్ విజిల్ వేసింది, కాలింగ్ బెల్ మోగింది. వరుస సగంలో వదిలేసి లేచారు. తిరిగొచ్చి సూదులు పట్టుకుంటే ఎటు అల్లాలో అర్థం కాదు. తప్పు వైపు మొదలుపెడితే ఒక పక్క ఎత్తుగా, మధ్యలో సందుతో వస్తుంది.

దీనికి గుర్తు సింపుల్. ఉండ నుంచి వచ్చే దారం ఏ సూది మీద కుట్టుకు వేలాడుతోందో, ఆ సూది కుడి చేతిలో ఉండాలి. ఇది కుడిచేతివాటం వాళ్లకు. వీలైతే వరుస పూర్తి చేసే లేవండి.

స్వెట్టర్ ఎందుకు పట్టదు?

అల్లేవాళ్లు ఎక్కువగా బాధపడేది దీనికే. నెల రోజులు కష్టపడి అల్లిన స్వెట్టర్ తీరా తొడిగితే బిగుతు. లేదంటే సంచిలా వదులు. లెక్క చూడండి.

ఛాతీ కొలత 100 సెంటీమీటర్లు అనుకుందాం. డిజైన్‌లో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు అని ఉంటే మొత్తం 200 కుట్లు కావాలి. కానీ మీ చేయి కాస్త బిగుతు. మీకు 10 సెంటీమీటర్లకు 22 కుట్లు పడుతున్నాయి. అప్పుడు అవే 200 కుట్లు దాదాపు 91 సెంటీమీటర్లే వస్తాయి. అదే మీ చేయి వదులై 18 కుట్లే పడితే 111 సెంటీమీటర్లు అవుతుంది. 10 సెంటీమీటర్లకు రెండు కుట్ల తేడా.. స్వెట్టర్ మొత్తం మీద 9 నుంచి 11 సెంటీమీటర్ల తేడా!

అందుకే ముందు చిన్న ముక్క అల్లి చూడమంటారు. దీన్నే స్వాచ్ అంటారు. 15 సెంటీమీటర్ల వెడల్పు, అంతే పొడవు అల్లండి. అసలు స్వెట్టర్‌ను ఎలా ఉతుకుతారో ఈ ముక్కను కూడా అలాగే ఉతికి ఆరబెట్టండి. తర్వాత అంచులు వదిలేసి మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టండి. ఎక్కువ పడితే లావు సూది తీసుకోండి. తక్కువ పడితే సన్న సూది. చేతిని మార్చుకోవాలని చూడకండి, సూదిని మార్చండి. ఎందుకంటే చేయి మాటలో పడగానే మళ్లీ పాత అలవాటుకే వెళ్లిపోతుంది.

చాలామంది కలిసి అల్లేటప్పుడు ఈ కొలత ఇంకా ముఖ్యం. 2016 జనవరిలో చెన్నైలో వెయ్యి మందికి పైగా మహిళలు అల్లిన క్రోషె ముక్కలతో 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి తయారైంది. గిన్నిస్ రికార్డు దక్కింది. ఎవరి ఇంట్లో వాళ్లు అల్లిన ముక్కల్ని ఒకే దుప్పటిగా కలపాలంటే, కొలత అందరికీ ఒకటే కావాలి కదా!

విప్పడం ఓటమి కాదు

కొత్తవాళ్లకు బాగా భయం కలిగించే మాట 'విప్పేయాలి'. పాతవాళ్లకు ఇది రోజూ ఉండేదే. ఇంగ్లిష్‌లో దీన్ని సరదాగా ఫ్రాగింగ్ అంటారు. 'రిప్ ఇట్, రిప్ ఇట్' అని వేగంగా అంటే కప్ప అరుపులా వినిపిస్తుందని ఆ పేరు పెట్టారు. ఒక్కో కుట్టే వెనక్కి విప్పితే టింక్. నిట్ అనే స్పెల్లింగ్‌ను తిప్పి రాస్తే వచ్చేది అదే. ఇక సగంలో ఆగిపోయిన అల్లికను యూఎఫ్‌ఓ అని పిలుచుకుంటారు. ఎగిరే పళ్లెం కాదు, అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్!

కబుర్లలో ఇలాంటి జోకులకు కొదవ ఉండదు. కానీ వాటి వల్ల ఒక మేలుంది. అందరూ విప్పుతారని తెలిశాక సిగ్గు పోతుంది. తప్పు దాచకుండా చూపిస్తారు. చూపిస్తేనే సరిదిద్దడం కుదురుతుంది.

ఈ భయం పోవడానికి మంచి చిట్కా లైఫ్‌లైన్. బాగా వచ్చిన ఒక వరుస దగ్గర ఆగండి. వేరే రంగు సన్న దారాన్ని మామూలు సూదికి ఎక్కించి, ఆ వరుసలోని కుట్లన్నింటి గుండా తీయండి. తర్వాత ఎంత తప్పు వచ్చినా విప్పుకుంటూ వస్తే ఆ దారం దగ్గర ఆగిపోతుంది. మొత్తం పోదు.

మధ్యలో ఒక్క కుట్టు జారితే మాత్రం విప్పాల్సిన పని లేదు. అది నిచ్చెన మెట్లలా కిందకు దిగుతుంది. క్రోషె సూదితో ఒక్కో మెట్టు దారాన్ని ఆ కుట్టులోంచి లాగుతూ పైకి తెచ్చేయొచ్చు.

షాపులో ఇవి అడగండి

ఊలు లేబుల్ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు ఉంటుంది. ఒకేసారి రంగు వేసిన ఊలుకు ఒకే లాట్ నంబరు. రంగు పేరు ఒకటే అయినా లాట్ మారితే షేడ్ తేడా రావొచ్చు. షాపులో తెలియదు, స్వెట్టర్ మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. కాబట్టి కావాల్సిన ఉండలన్నీ ఒకే లాట్‌లో ఒకేసారి కొనండి. లేబుల్ దాచుకోండి.

షాపుల్లో ఊలు అని అమ్మేదంతా ఉన్ని కాదు, అందులో అక్రిలిక్ కూడా చాలా ఉంటుంది. అది ఉతకడానికి తేలిక. కానీ వేడి ఇస్త్రీ పెట్టకండి, సాగిపోయి చచ్చుబడిపోతుంది. అసలైన ఉన్నిని వేడి నీళ్లలో వేసి రుద్దితే ముద్దకట్టి కుదించుకుపోతుంది. నేర్చుకునేటప్పుడు నల్ల రంగు వద్దు, కుట్లు కనిపించవు. లేత రంగు, నున్నటి దారం మంచిది.

పసిపిల్లలకు అల్లేటప్పుడు ఇంకో మాట. ఊడిపోయే బొత్తాలు, పొడవాటి తాళ్లు పెట్టకండి.

సలహా అడగడం ఎలా? చెప్పడం ఎలా?

దగ్గర్లో ఎవరూ లేరా? ఊళ్లో ఉన్న పిన్నికో, అమెరికాలో ఉన్న అక్కకో ఫొటో పంపొచ్చు. అయితే పగటి వెలుతురులో, అల్లికను పరిచి, ముందు వైపు ఒకటి, వెనుక వైపు ఒకటి తీయండి. సూది సైజు, ఊలు రకం, ఎన్ని కుట్లతో మొదలుపెట్టారో రాయండి. ఇంకా మంచిది ఏంటంటే.. మీరు అల్లుతుండగా చేతుల వీడియో తీసి పంపండి. తప్పు చాలాసార్లు అల్లికలో కంటే చేతి కదలికలోనే తెలుస్తుంది.

చెప్పేవాళ్లకూ కొన్ని మర్యాదలున్నాయి. ఎదుటివాళ్లు కుట్లు లెక్కపెడుతుంటే మాట కలపొద్దు. అడక్కుండా చేతిలోంచి సూదులు లాక్కుని అల్లేయొద్దు. మీరు అల్లి ఇస్తే వాళ్లకు రాదు. ముందు 'ఇది మఫ్లర్‌లో కనిపిస్తుందా, వదిలేసినా పర్లేదా?' అని చూడండి. కనిపించని తప్పు కోసం పది వరుసలు విప్పించడం అనవసరం.

ఒక సలహా ఎంత దూరం వెళ్లిందంటే..

కెనడాలోని టొరంటోలో బెరిల్ త్సాంగ్ అనే మహిళకు క్యాన్సర్ వల్ల రొమ్ము తొలగించారు. కృత్రిమ రొమ్ములు ఆమెకు సౌకర్యంగా అనిపించలేదు. దీంతో తానే దారంతో అల్లుకున్నారు. ఎలా అల్లాలో ఆ పద్ధతిని 2005లో నిట్టీ అనే ఆన్‌లైన్ పత్రికలో అందరికీ చెప్పారు.

తర్వాత అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో బార్బరా డెమొరెస్ట్‌కు అదే ఆపరేషన్ జరిగింది. అల్లిన రొమ్ముల గురించి డాక్టర్ ద్వారా తెలిసింది. స్నేహితురాలు అల్లి ఇచ్చారు. ఆ అనుభవంతోనే ఆమె నిట్టెడ్ నాకర్స్ అనే సంస్థ ప్రారంభించారు. వాలంటీర్లు అల్లుతారు, అవసరమైన మహిళలకు ఉచితంగా ఇస్తారు. మన దేశంలో సాయిషా ఇండియా ఫౌండేషన్ కూడా ఇదే పని చేస్తోంది.

ఇవి సిలికాన్ వాటికంటే తేలిక. ఉతుక్కోవచ్చు. అవసరాన్ని బట్టి లోపలి దూది తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత ఎప్పటి నుంచి వాడొచ్చో మాత్రం డాక్టర్‌నే అడగాలి.

ఇక్కడ పైన చెప్పుకున్న చిన్న చిన్న చిట్కాల విలువ తెలుస్తుంది. మఫ్లర్‌లో కుట్టు వదులైతే ఎవరికీ ఏమీ కాదు. ఇందులో వదులైతే లోపలి దూది బయటకు వస్తుంది. గరుకు ఊలు వాడితే కుట్లు మానిన చర్మానికి గుచ్చుకుంటుంది. అందుకే మెత్తటి కాటన్ లాంటి దారాలనే వాడమంటారు. కొలత తప్పితే ఒక వైపు పెద్దగా, ఒక వైపు చిన్నగా కనిపిస్తుంది. వేసుకునే మనిషి నలుగురిలోకి వెళ్లడానికి ఇబ్బంది పడతారు.

ఒకరు అల్లుకున్నది ఇంకొకరికి చెప్పారు. వాళ్లు మరొకరికి నేర్పారు. ముఖం కూడా చూడని మనిషికి అది ఉపయోగపడింది.

కాబట్టి అటక మీద పడేసిన ఆ కవర్ కిందకు దించండి. కుట్లు లెక్కపెట్టండి. 20కి 27 ఉంటే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తెలిసినవాళ్ల దగ్గరకు తీసుకెళ్లి, వాళ్ల ముందు ఒక్క వరుస అల్లి చూపించండి. మీకు ఇప్పటికే వచ్చా? అయితే పక్కింటి అమ్మాయి కొత్తగా సూదులు పట్టుకుని తంటాలు పడుతుంటే, ఒక పది నిమిషాలు పక్కన కూర్చోండి.