యెజ్డీకి కార్బురేటర్ మార్చాలంటే

మైసూరులోని ఐడియల్ జావా కార్ఖానా 1996లో మూతపడినా, అక్కడ పుట్టిన జావా, యెజ్డీ బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికున్న జికోవ్ కార్బురేటర్ తీసేసి మికునీ రకం బిగించుకునేవాళ్లు చాలామందే. బండి అసలుతనం పోతుందని పాత బళ్ల ప్రేమికులు బాధపడతారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ కార్బురేటర్‌లో ఏళ్ల తరబడి పైకీ కిందికీ ఆడిన స్లైడ్‌తో పాటు దాని బాడీ లోపలి గోడ కూడా అరుగుతుంది. ఆ సందులోంచి అదనపు గాలి దూరి, ఐడ్లింగ్ నిలవదు. అరిగిన బాడీలో కొత్త స్లైడ్ వేసినా ఆ సందు పూర్తిగా పోదు. అలాంటప్పుడు మార్చడమే మేలు. జికోవ్‌ను పారేయకుండా దాచుకుంటే, ఎప్పుడైనా తిరిగి బిగించుకోవచ్చు.

కొత్త కార్బురేటర్ బిగించడంలో అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ బండికి, కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్ చిన్నదైతే, పెట్రోలుతో పాటు ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. అందుకే పెద్ద జెట్‌తో మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు నడిపి, వెంటనే ఇంజన్ ఆపి ప్లగ్ విప్పి చూడండి: కాఫీ రంగుంటే సరే, తెల్లబడితే పెట్రోలు చాలట్లేదు, తడి మసి పడితే ఎక్కువైంది. థ్రాటిల్ కొద్దిగా తిప్పినప్పుడు పైలట్ జెట్, సగంలో నీడిల్ పనిచేస్తాయి కాబట్టి వాటినీ విడిగా సరిచూడాలి. పెద్ద సైజు కార్బురేటర్ పెడితే పవర్ పెరుగుతుందని కొందరి నమ్మకం. కానీ గాలి దారి వెడల్పైతే తక్కువ వేగంలో గాలి జోరు తగ్గి, పెట్రోలు సరిగ్గా చిమ్మదు. ఊళ్లో నడిపే బండికి పికప్పే పోతుంది.