ఆకసమునుండి చూచిన మడి



గత వర్షర్తువున మా రుద్రూరులో ఎడతెరపి లేక వాన కురిసి వరిమడులు నీట మునిగినవి. అప్పుడు పొరుగింటి యమ్మ మా యరుగుపై గూర్చుండి, "మీదికెళ్లి చూసేటోళ్లకు మా మడి అగుపడ్తదా, అమ్మా?" అని యడిగినది. ఆమెకున్నది అరయెకరము. ఆ ప్రశ్నకు సమాధానముగా నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

భూమిని చిత్రించుటకై మన దేశము నిర్మించిన ఐ.ఆర్.ఎస్.-1ఏ యను ఉపగ్రహము 1988 మార్చి 17న నింగి కెగసినది. అట్టి యుపగ్రహముల చిత్రముల నందుకొను స్థానము మన షాద్‌నగరున గలదు. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రము దానిని నడుపుచున్నది.

ఈ చిత్రములు ముగ్గువలె చుక్కల కూర్పులు. 2011లో పంపిన రిసోర్స్‌శాట్-2 నందలి యొక కెమెరాకు చుక్క 23.5 మీటర్ల చదరము. అనగా రమారమి ఐదున్నర గుంటలు. అరయెకరమునకు నాలుగు చుక్కలైనను రావు. అందలి మరియొక కెమెరాకు చుక్క 5.8 మీటర్లే, ఆ మడికే అరువది చుక్కలు వచ్చును. చూపు సూక్ష్మమైన కొలది పంపవలసిన బరువు హెచ్చును గదా! ఉపగ్రహమో, షాద్‌నగరునకు ఒక్కొక్క మారు పది పండ్రెండు నిమిషములే యెదురుపడును.

అందులకు పాలపద్దువంటి యుపాయ మున్నది. దినమును లీటరు పాలు పోయించుకొను నిల్లాలు హెచ్చుతగ్గులైన నాడే గుర్తు వేయును. అట్లే పక్కపక్క చుక్కలు తరచుగా నొకదానిని బోలి యుండును గావున, వాని భేదమును మాత్రము పంపుదురు. క్రిందికి వచ్చిన పిమ్మట వంకరలు దిద్ది, ఏ చుక్క యే తావుదో పటముతో సరిపుచ్చుదురు. ఈ పని జాగైనచో, వరదనాటి చిత్రము నిరుటి పంచాంగము వలె నిరుపయోగమగును.

మబ్బు కమ్మినపుడు సామాన్యపు కెమెరా చూడజాలదు. 2012లో పంపిన రీశాట్-1, 2022లో పంపిన ఇ.ఓ.ఎస్.-04 రాడారు గలవి. రాడారు మబ్బుల చాటునను, రాత్రివేళను చూడగలదు. నిలిచిన నీరు అందు నల్లగా దోచును.

కావున పొరుగింటి యమ్మకు, "మీ మడి కనబడును, కాని యా చుక్కలకు మీ పేరు తెలియదు. గింజ పాలుపట్టినదో లేదో, నష్ట మెంతయో అవి చెప్పజాలవు" అని చెప్పితిమి. పొలముగల సోదరీమణులు సర్వే నెంబరును, నీరు నిలిచిన దినములను వ్రాసి యుంచుకొనుడు. గట్టుమీద నిలిచి ఫోటో తీయించుకొనుడు. ఆకసపు సాక్ష్యమునకు మీ సాక్ష్యము తోడైననే నష్టము సరిగా తేలును.