వీణ చెక్క పాడాలి, స్పీకర్ పెట్టె పాడకూడదు

అండమాన్ దీవుల రాజధాని శ్రీ విజయపురం. 2024 వరకు దీని పేరు పోర్ట్ బ్లెయిర్. ఈ ఊరికి వంతెనతో కలిసి ఉన్న చిన్న ద్వీపమే చాతం. చాతం అనగానే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది 1883లో మొదలైన ప్రభుత్వ సా మిల్లు. ఎర్రటి పడౌక్ దూలాలు, ప్లైవుడ్ వ్యాపారంలో పేరున్న గర్జన్ కలప ఈ దీవుల అడవుల సంపద. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుంచి నేరుగా ఓడలు నడిచే ఈ దీవుల్లో తెలుగు పాట వినిపించని వీధి తక్కువే.

ఇంతకాలం ఇక్కడి శ్రోతలకు ఒక లోటు ఉండేది. ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడి ఉన్నందువల్ల నాణ్యమైన పాటను ఆన్‌లైన్‌లో వినడం కష్టంగా ఉండేది. చెన్నై నుంచి సముద్ర గర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక పరిస్థితి మారింది. సెకనుకు 320 కిలోబిట్ల మంచి నాణ్యతతో గంటసేపు పాటలు వింటే ఖర్చయ్యే డేటా 144 మెగాబైట్లే. ఇక మిగిలింది ఆ పాటను ఇంట్లో సరిగా వినిపించే ఏర్పాటు. దానికి ఎంత ఖర్చు పెట్టాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. దేని మీద ముందు పెట్టాలన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న.

మంచి కలపతో మంచి స్పీకర్ అవుతుందా?

పడౌక్ లాంటి గట్టి కలపతో పెట్టె చేయిస్తే పాట మరింత మధురంగా ఉంటుందని అనుకోవడం సహజం. వాద్యాల సంగతి చూస్తే ఆ ఊహకు ఆధారం ఉన్నట్టే ఉంటుంది. బొబ్బిలి వీణను పనస చెక్కతో చేస్తారు. తీగ ఒక్కటే కంపిస్తే గాలిలో పుట్టే శబ్దం చాలా స్వల్పం. తీగ కంపనాన్ని అందుకుని కుండ, దాని పైపలక కూడా కంపిస్తేనే వీణ నాదం గదంతా నిండుతుంది. ఏ స్వరానికి చెక్క ఎంత స్పందిస్తుందన్న తేడాయే ఆ వీణకు ప్రత్యేకమైన గొంతునిస్తుంది. దీన్నే అనునాదం అంటారు.

స్పీకర్ పని ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. రికార్డింగులో వీణ గొంతు అప్పటికే ఉంది. స్పీకర్ దాన్ని ఉన్నదున్నట్టు అందించాలి. లోపలి శంకువు ముందుకూ వెనక్కూ కదిలేటప్పుడు పెట్టె గోడలు కూడా కంపిస్తే, పాటలో లేని ఒక కొత్త స్వరం కలుస్తుంది. అన్ని పాటలకూ అదే స్వరం, అదే రంగు పులుముకుంటుంది. అందుకే వీణ చెక్క పాడాలి, స్పీకర్ పెట్టె పాడకూడదు.

దీన్ని దుకాణంలోనే పరీక్షించవచ్చు. పెట్టె పక్క గోడ మీద వేలి కణుపుతో తట్టాలి. కుండను తట్టినట్టు మోగితే పెట్టె పాడుతున్నట్టే. గోడను తట్టినట్టు పొట్టి శబ్దంతో ఆగిపోతే మంచిది. కలప పొడిని అదిమి చేసే ఎండీఎఫ్ పలకను తయారీదారులు ఎక్కువగా వాడటానికి ధర ఒక్కటే కారణం కాదు. దానికి బరువు ఉంటుంది, కంపనాన్ని త్వరగా చల్లారుస్తుంది. మందమైన గర్జన్ ప్లైవుడ్‌తో పెట్టె చేయించి, లోపల అడ్డపట్టీలు బిగించినా ఇదే ఫలితం వస్తుంది. పైకి అందం కావాలంటే పడౌక్ పొరను అతికించుకోవచ్చు. ఆ పొర కంటికే, చెవికి కాదు.

గది కూడా ఒక వాద్యమే

పెట్టె మౌనంగా ఉన్నా మరో పెద్ద పెట్టె మిగిలే ఉంటుంది. అది గది. స్పీకర్ నుంచి చెవికి నేరుగా చేరే ధ్వనితో పాటు గోడలు, నేల, పైకప్పు మీద తగిలి వచ్చే ధ్వని కూడా వింటాం. సాధారణ గదిలో రెండోది తక్కువేమీ కాదు.

ముందుగా తక్కువ పౌనఃపున్యాలు, అంటే బాస్ సంగతి. చాతంలో తరచూ ఉండే 30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. 50 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం 7 మీటర్లు. గది పొడవు 3.5 మీటర్లయితే సరిగ్గా సగం తరంగం రెండు గోడల మధ్య ఇముడుతుంది. వెళ్లే తరంగం, తిరిగొచ్చే తరంగం కలిసి స్థిర తరంగంగా నిలుస్తాయి. గోడల దగ్గర ఆ స్వరం గుమ్మంటుంది, గది నడిమధ్యన దాదాపు వినిపించదు. 3 మీటర్ల వెడల్పు వైపు ఇదే సంగతి 58 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన గదిలో మూడు దిక్కుల స్థిర తరంగాలూ ఒకే పౌనఃపున్యం మీద పోగవుతాయి. అలాంటి గది సంగీతానికి అన్నిటికంటే కష్టమైనది.

ఫోన్‌లో ఏదైనా ఒక పౌనఃపున్యాన్ని మోగించే ఉచిత యాప్‌తో దీన్ని విని తెలుసుకోవచ్చు. 50 హెర్ట్జ్ నుంచి 70 హెర్ట్జ్ వరకు ఒక్కో స్వరాన్నీ తక్కువ శబ్దంతో స్పీకర్ ద్వారా వినిపిస్తూ గదిలో మెల్లగా నడవాలి. ఒక అడుగు ముందు గుమ్మన్న స్వరం మరో రెండు అడుగుల్లో మాయమవుతుంది. ఆ చిన్న స్పీకర్ అంత తక్కువ స్వరాన్ని పలకలేకపోతే 70 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ప్రయత్నించాలి. కుర్చీని నడిమధ్యనా, వెనక గోడకు ఆనించీ కాకుండా, వెనక గోడ నుంచి గది పొడవులో మూడో వంతు దూరాన వేసుకుంటే చాలా ఇళ్లలో బాస్ సమతూకానికి వస్తుంది. దీనికి అయ్యే ఖర్చు సున్నా.

ఈ సమతూకాన్ని పట్టుకోవడానికి మృదంగం చక్కని కొలబద్ద. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ 1920లో మన వాద్యాల మీద చేసిన పరిశోధనలో ఒక విశేషం చూపించారు. మామూలు డోలు చర్మం ఇచ్చే స్వరాలకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. మృదంగం, తబలాలకు మధ్యలో పూసే నల్లని ముద్ద బరువు వల్ల ఆ స్వరాలు తీగ వాద్యంలోలా పూర్ణసంఖ్యల నిష్పత్తిలో అమరుతాయి. అందుకే మృదంగం శ్రుతిలో పలుకుతుంది. గది ఒక స్వరాన్ని పెంచి మరొకదాన్ని మింగేస్తే ఈ అమరిక చెదిరిపోయి, కుడిచేతి నాదం సన్నబడుతుంది, ఎడమచేతి దెబ్బ మాత్రం గుమ్మంటూ సాగుతుంది. బాగా తెలిసిన ఒక కచేరీ రికార్డింగునే ప్రతిసారీ పరీక్షకు వాడితే మార్పు వెంటనే తెలుస్తుంది.

ప్రతిధ్వనిని మింగే పరుపు

రెండో సంగతి, శబ్దం ఆగాక కూడా గదిలో అది ఎంతసేపు తచ్చాడుతుందన్నది. దీన్ని అనురణనం అంటారు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని వాలెస్ సబీన్ అనే యువ భౌతిక శాస్త్రవేత్తకు ఆ సమస్యను అప్పగించారు. ఆయన పక్క నాటకశాల నుంచి సీటు మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే శబ్దం ఎంత త్వరగా చల్లారుతుందో రాత్రిళ్లు కొలిచారు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే అనురణన కాలం వస్తుందన్న సూత్రం అలా పుట్టింది.

3.5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు ఉన్న సిమెంటు గదిని తీసుకుందాం. టైల్స్ నేల, ఖాళీ గోడలు తమ మీద పడ్డ ధ్వనిలో సుమారు 5 శాతం మాత్రమే మింగుతాయనుకుంటే, సబీన్ సూత్రం ప్రకారం శబ్దం చల్లారడానికి 1.6 సెకన్లకు పైగా పడుతుంది. అంటే ఒక పదం ఆగకముందే తర్వాతి మూడు నాలుగు పదాలు దాని మీద పడతాయి. అదే గదిలో పరుపు, మందపాటి తెరలు, బట్టలు, పుస్తకాల అల్మరా కలిసి శోషణను మూడింతలు చేస్తే ఆ కాలం అర సెకనుకు వస్తుంది. ఇంట్లో సంగీతం వినడానికి అది సరిపోతుంది. ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూస్తే చాలు. చప్పుడు వెనకే లోహపు గలగల లాంటిది వినిపిస్తే గది ఇంకా ఖాళీగా ఉందన్నమాట.

ఇక్కడ ఒక పరిమితి ఉంది. తెరలు, పరుపులు పై స్వరాలనే బాగా మింగుతాయి, బాస్‌ను పెద్దగా ముట్టుకోవు. ఈ విషయంలో పాతకాలపు చెక్క ఇళ్లకు ఒక మేలు ఉంది. పలుచని పలకల గోడ బాస్‌కు కొద్దిగా కంపించి ఆ శక్తిని ఖర్చు చేసేస్తుంది. సిమెంటు గోడ దాన్ని దాదాపు పూర్తిగా తిప్పికొడుతుంది. చెక్క ఇల్లు విడిచి కొత్త సిమెంటు ఇంటికి మారాక పాత స్పీకర్లే గుమ్మంటున్నాయంటే తప్పు స్పీకర్లది కాకపోవచ్చు.

కొనేటప్పుడు చూడాల్సిన అంకెలు

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే పీఎంపీఓ వాట్లకు అర్థం లేదు. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతే లేదు. చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, దానికంటే ముఖ్యంగా సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు వస్తుందన్నదే సెన్సిటివిటీ. 89 డెసిబెళ్ల స్పీకర్ 10 వాట్లతో ఇచ్చే శబ్దాన్ని 83 డెసిబెళ్ల స్పీకర్ ఇవ్వాలంటే 40 వాట్లు కావాలి. చిన్న గదికి నిజమైన 20, 30 వాట్లు ధారాళంగా సరిపోతాయి.

తీగల మీద వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి, చూపే నిరోధం సుమారు 0.12 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఒకటిన్నర శాతం. చెవి పట్టుకోలేనంత చిన్న తేడా.

రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కో దాని నుంచి శ్రోతకు ఉన్న దూరం సమానంగా ఉండేలా త్రిభుజంగా అమర్చాలి. పై స్వరాలు పలికే ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. మూలలో పెడితే మూడు తలాలు కలిసి బాస్‌ను ఉబ్బిస్తాయి కాబట్టి గోడ నుంచి కొంచెం ముందుకు జరపాలి.

ఉప్పు గాలి, వాన చప్పుడు

చాతంలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్ వానకు ఇది మూడు రెట్లకు పైమాటే. ఇలాంటి తేమలో చెక్క నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుదించుకుంటుంది. ఘనమైన కలప పెట్టె అతుకులు విడిపోవడానికి కారణం ఇదే. ఎండీఎఫ్ అయితే రంగు వేయని అంచుల నుంచి తేమ పట్టి పొంగుతుంది. స్క్రూల రంధ్రాలతో సహా ప్రతి అంచుకూ వార్నిష్ పట్టించాలి. శంకువు చుట్టూ ఉండే పట్టీ నురుగు పదార్థంతో చేసినదైతే తేమకు కొన్నేళ్లలో పొడి పొడిగా రాలిపోతుంది. ఇలాంటి చోట రబ్బరు పట్టీ ఉన్నదే ఎంచుకోవాలి. ఉప్పు గాలికి తీగల కొసలు నల్లబడి గరగర మొదలైతే, కరెంటు ప్లగ్ తీసేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. యాంప్లిఫయర్‌ను గాలాడని అల్మరాలో మూసి ఉంచితే బూజు పడుతుంది. రోజూ కాసేపు వాడటమే దానికి మంచి రక్షణ, ఎందుకంటే లోపలి వేడి తేమను తరిమేస్తుంది.

చివరిది, అన్నిటికంటే విలువైన పరికరం గురించి. రేకుల కప్పు మీద వాన జోరుగా పడుతున్నప్పుడు పాట వినిపించదు. చెయ్యి తనంతట తానే వాల్యూమ్ పెంచుతుంది. వాన తగ్గాక దాన్ని తగ్గించడం చాలామంది మరిచిపోతారు. పెద్దలకు 80 డెసిబెళ్ల శబ్దం వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 83కు 20 గంటలు, 86కు 10 గంటలు. లోపలి చెవిలోని సూక్ష్మ రోమ కణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. స్పీకర్ పాడైతే మార్చుకోవచ్చు, వాటిని మార్చలేం. జోరువానలో పాట ఆపి వాన వినడమే తెలివైన పని.

కాబట్టి ఖర్చు చేసే క్రమం ఇలా ఉంటే మేలు. ముందు కుర్చీని, స్పీకర్లను జరపాలి. తర్వాత ఇంట్లో ఉన్న తెరలు, పరుపు, పుస్తకాలతో గదిని నింపి చప్పట్ల పరీక్ష చేయాలి. ఆ తర్వాతే, ఇంకా ఏదో లోటు వినిపిస్తేనే కొత్త స్పీకర్. యాంప్లిఫయర్ దాని తర్వాత, తీగలు అన్నిటికంటే చివర. మొదటి రెండు మెట్లు ఎక్కడానికి ఒక ఆదివారం సాయంత్రం చాలు. ఆ రెంటి తర్వాత దుకాణానికి వెళ్లాల్సిన అవసరమే రాకపోవచ్చు.