మొలక, వెన్ను, గింజ: విశ్వాసి ఎదుగుదలలో మూడు దశలు

మన సంఘాలలో ఒక విశ్వాసిని ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు "వీరు 30 ఏండ్ల క్రితమే రక్షింపబడ్డారు" అనో, "వీరిది మూడు తరాల క్రైస్తవ కుటుంబము" అనో చెప్పడం మనకు అలవాటు. వినడానికి సంతోషమే. ఇన్నేండ్లు కాపాడిన దేవునికి స్తోత్రము చెల్లించవలసినదే. అయితే ఏండ్ల లెక్క వేరు, ఎదుగుదల లెక్క వేరు. ఈ సంగతి కృష్ణా డెల్టా రైతుకు మరొకరు చెప్పనక్కరలేదు. కాలువకు నీరు ఆలస్యమైతే ఆకుమడిలోనే ఉండిపోయిన నారు రోజురోజుకు ముదురుతుంది గాని పండదు. ముదరడం ఒకటి, పండడం ఒకటి.

ఈ నెల మనమందరము కలిసి ఆలోచించవలసిన ప్రశ్న ఇదే: మన విశ్వాసము పండుతున్నదా, లేక ముదురుతున్నదా?

వాక్యము చూపే మెట్లు

మార్కు 4:28లో ప్రభువు దేవుని రాజ్యమును పొలముతో పోల్చి చెప్పాడు. భూమి ముందుగా మొలకను, తరువాత వెన్నును, ఆ తరువాత వెన్నులో నిండు గింజను ఇస్తుందన్నాడు. మొదటి యోహాను పత్రిక 2:12–14లో వృద్ధుడైన అపొస్తలుడు సంఘములోని వారిని చిన్నపిల్లలని, యౌవనస్థులని, తండ్రులని మూడు పేర్లతో పిలిచాడు. ఒకరు పొలము భాషలో, మరొకరు ఇంటి భాషలో చెప్పినది ఒక్కటే. దేవుని బిడ్డ ఒక్క రోజులో పుట్టవచ్చును గాని ఒక్క రోజులో పెరగడు.

ఇందులో మనకు ఓదార్పు ఉన్నది. గింజ లేదని మొలకను ఏ రైతూ కసరడు. నిన్న బాప్తిస్మము పొందిన సోదరికి దానియేలు గ్రంథములోని దర్శనాలు అర్థము కాలేదని మనము చిన్నచూపు చూడకూడదు. రకమును బట్టి కాలము కూడా మారుతుంది. 1986లో బాపట్ల పరిశోధనా స్థానము నుండి విడుదలైన బి.పి.టి. 5204, అనగా మన సాంబ మసూరి, కోతకు రావడానికి ఇంచుమించు 150 రోజులు తీసుకుంటుంది. 120 రోజులకే కోతకొచ్చే రకాలూ ఉన్నాయి. పొరుగు చేను ముందు కోశారని సాంబ మసూరి రైతు కంగారుపడడు. కాని 100వ రోజున కూడా చేను మొదటి నెలలో ఉన్నట్లే ఉంటే మాత్రం గట్టు మీద కూలబడతాడు. పౌలు కొరింథీయులతో పడిన బాధ అటువంటిది. వారు పసిబిడ్డలుగా పుట్టినందుకు ఆయన నొచ్చుకొనలేదు, పసిబిడ్డలుగానే ఉండిపోయినందుకు నొచ్చుకొన్నాడు.

మట్టి క్రింద జరిగే పని

మొలక పైకి కనబడక ముందే మట్టిలో పని మొదలవుతుంది. మన ప్రాంతపు సంఘ చరిత్రే దీనికి సాక్ష్యము. రాబర్ట్ నోబుల్ గారు, హెన్రీ ఫాక్స్ గారు 1841లో మచిలీపట్నం చేరుకున్నారు. నోబుల్ గారు 1843లో అక్కడ బడి తెరిచారు. ఆ బడి విద్యార్థులలో మొదటి బాప్తిస్మములు జరిగినది 1852లో. మంచాల రత్నం గారు, ఐనాల భూషణం గారు అప్పుడు ప్రభువును ఒప్పుకొన్నారు. వెంటనే ఊరివారు తమ పిల్లలను మాన్పించగా బడి దాదాపు ఖాళీ అయింది. తొమ్మిదేండ్లు ఎదురుచూచిన తరువాత దొరికిన తొలి ఫలము అంత వెలతో వచ్చింది.

బెజవాడ వైపు జరిగినది ఇంకొక విధము. రాఘవాపురం గ్రామములో మాలపల్లె పెద్దలలో ఒకరైన పాగోలు వెంకయ్య గారు, క్రైస్తవ బోధకుని ముఖము చూడక మునుపే విగ్రహాలను విడిచిపెట్టారు. అందరినీ చేసిన దేవుడెవరో తనకు తెలియజేయమని ఆయన ప్రార్థించేవారని మిషను చరిత్రలు చెబుతాయి. అట్లు ఏండ్లు గడిచాయి. 1859లో ఆయన బెజవాడలో ఉన్న సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ గారిని కలుసుకొని, తాను వెదకుతున్న దేవుడు ఎవరో తెలుసుకొన్నారు. ఫలము కానరాక నిరాశలో ఉన్న బోధకుని దగ్గరకు, దేవుడు తానే సిద్ధపరచిన మనిషి నడిచివచ్చాడు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. పొలాలకు కాలువ నీరు పారడం మొదలైన ఆ రోజుల్లోనే, పల్లెలకు జీవజలము కూడా ఈ దారిన పారింది.

మొదటి దశ: మొలక

చిన్నపిల్లల గురించి యోహాను చెప్పినవి రెండే సంగతులు. వారి పాపములు క్షమింపబడ్డాయి, వారు తండ్రిని ఎరుగుదురు. పసిబిడ్డకు అంతకంటే ఏమి కావాలి? అమ్మ ఒడి, పాలు, నాన్న గొంతు. క్రొత్త విశ్వాసికి కూడా ప్రతిదిన వాక్యము, ప్రార్థన, ఆదివారపు ఆరాధన, ప్రేమగా పలకరించే నలుగురు చాలు.

ఈ దశలో ఒక ప్రమాదమున్నది. ఆకుమడి నుండి తీసిన నారును ఊడ్చిన తరువాత మొదటి రోజుల్లో చేను వాడిపోయినట్లు, ఎర్రబారినట్లు కనబడుతుంది. వేరు క్రొత్త మట్టిని పట్టుకొని మూన తిరిగేవరకు రైతు మనసు చేనులోనే ఉంటుంది. క్రొత్తగా ప్రభువును నమ్మినవారు కూడా అట్లే. బంధువులు దూరమవుతారు, పండుగలు పరాయివవుతాయి, పాత స్నేహాలు తెగుతాయి. క్రొత్త వేరు ఇంకా పట్టలేదు. ఆ వారాల్లో పాస్టరుగారు ఒక్కరే చూచుకొంటారులే అని సంఘము ఊరుకుంటే ఎన్ని మొక్కలు చస్తాయో! బాప్తిస్మపు ఫోటోలో ఉండి, ఏడాది తిరిగేసరికి గుడిలో కనబడనివారిని ప్రతి సంఘమూ ఎరుగును. తప్పు ఎప్పుడూ మొక్కదే కాదు.

రెండవ దశ: వెన్ను

యౌవనస్థులు బలవంతులు, దేవుని వాక్యము వారిలో నిలిచియున్నది, వారు దుష్టుని జయించారు. ఇది పోరాటపు దశ. వాక్యము తెలియడం వేరు, వాక్యము లోపల నిలవడం వేరు. హెబ్రీ పత్రిక 5:14 ప్రకారము గట్టి ఆహారము ఎవరికంటే, మేలు కీడులను గుర్తుపట్టడం అభ్యాసము చేసినవారికి. అభ్యాసము గుడిలో జరగదు. ధాన్యము కాటా దగ్గర, అప్పు పత్రము దగ్గర, పరీక్ష హాలులో, విజయవాడ హాస్టలు గదిలో, ఎవరూ చూడనప్పుడు చేతిలోని ఫోను దగ్గర జరుగుతుంది.

పచ్చదనాన్ని చూచి మోసపోవడమే ఈ దశలోని ప్రమాదము. యూరియా మితిమీరి వేసిన చేను దూరానికి నల్లగా, నిగనిగలాడుతూ కనబడుతుంది. దారిన పోయేవారు మెచ్చుకొంటారు. కాని దోమ ముందుగా పట్టేది ఆ చేనునే, గాలివానకు ముందుగా పడిపోయేదీ ఆ చేనే. కొరింథు సంఘానికి కృపావరాలలో లోటు లేదని పౌలే వ్రాశాడు (1 కొరింథీ 1:7). అదే సంఘాన్ని మూడవ అధ్యాయములో పసిబిడ్డలన్నాడు. ఆయన చూపిన గుర్తులు అసూయ, కలహము, మనుష్యుల పేర్ల మీద పార్టీలు. మంచి గొంతు, ధారాళమైన ప్రార్థన, కన్వెన్షను వేదిక మీద చోటు, ఇవన్నీ ఆకు పచ్చదనమే. ఆకు అవసరమే గాని గాదెలోకి వెళ్ళేది ఆకు కాదు.

మూడవ దశ: గింజ

తండ్రుల గురించి యోహాను రెండు సార్లు వ్రాశాడు. మిగిలినవారి విషయములో రెండవసారి మాట మార్చాడు గాని, తండ్రుల విషయములో మార్చలేదు. ఆదినుండి ఉన్నవానిని వారు ఎరుగుదురు, అంతే. వారు ఎన్ని సంఘాలు కట్టారో, ఎన్ని ఉపవాసాలు చేశారో అక్కడ లేదు. పిల్లవాడు తండ్రిని ఎరగడంతో మొదలుపెట్టాడు, వృద్ధుడు ఆయనను ఎరగడంతోనే ముగిస్తున్నాడు. నడుమ ఆ ఎరుక లోతైంది.

ఇంతకూ సంఘములో తండ్రి అని, తల్లి అని ఎవరిని అనాలి? పిల్లలు ఉన్నవారిని. ఒకరిని వాక్యములో పెంచినవారిని. చేను ఈనిన తరువాత మొక్క తన సత్తువనంతా వెన్నుకు పంపుతుంది. గింజ పాలు పోసుకొని గట్టిపడుతుంది, ఆకులు పండుబారుతాయి, వెన్ను తల వంచుతుంది. తలెత్తి నిలబడిన వెన్నును చేత పట్టి చూడండి, అందులో తాలు ఎక్కువ. పరిపక్వత అంటే తాను తినడం తగ్గి, పరులకు ఆహారము కావడం.

రాఘవాపురం వెంకయ్య గారు దొరికిన వెలుగును తన ఇంటి దీపముగా దాచుకొనలేదు. తనవారిని ప్రభువు దగ్గరకు నడిపించి, చుట్టుప్రక్కల పల్లెలు తిరిగి వృద్ధాప్యము వరకు సువార్త చెప్పారు. ఆ పల్లెల సంఘాలకు మూలములో ఉన్నది విదేశీ మిషనరీ ఒక్కడే కాదు, పల్లె మనిషి నోటి సాక్ష్యము కూడా.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన వి.యస్. అజరయ్య గారు ఈ సంగతిని బాగా ఎరిగినవారు. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆ డయాసిస్‌లో చేరాయి. ఆయన పల్లెలకు వెళ్ళినప్పుడు, బాప్తిస్మము పొందినవారిచేత వారి తల మీద వారి చేతినే ఉంచి, తాము బాప్తిస్మము పొందిన క్రైస్తవులమనీ, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమయనీ పలికించేవారు. చదువు రాని కూలీ తల్లి కూడా ఆ మాట పలికింది. మొలక దశలోనే గింజ గురించి తలపోయడం నేర్పిన పద్ధతి అది. పొరుగువానికి ఒక్క మాట చెప్పడానికి తండ్రుల దశ వచ్చేదాకా ఆగనక్కరలేదు. చెప్పడం వలననే ఆ దశ వస్తుంది.

ఎదుగుదల ఎక్కడ ఆగుతున్నది?

ఉన్నమాట చెప్పుకొందము. మన సంఘాలలో మూడు చోట్ల ఎదుగుదల ఆగిపోతున్నది.

మొదటిది పదవి. సంఘ కమిటీ ఎన్నికలు వస్తే ఏండ్ల తరబడి ఒకే బల్ల దగ్గర చేయి చాపినవారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనరు. గుడి తాళము కొరకు కోర్టుకు వెళతారు. పిల్లలు ఇదంతా చూస్తూ పెరుగుతారు.

రెండవది కులము. క్రీస్తులో అందరము ఒక్కటని గలతీ 3:28 ఆధారముగా ప్రసంగిస్తాము. పెండ్లి సంబంధము మాట రాగానే ముందు అడిగేది పేట, ఆ తరువాత కట్నము, చివరకు విశ్వాసము. అజరయ్య గారి కాలమునుండి మన పెద్దలు పోరాడుతూ వచ్చిన విషయమిది. మాల మాదిగలు, తక్కిన కులాలవారు ఒకే పాత్రలోనిది త్రాగి, బయటకు వచ్చి వేరు వేరు అరుగుల మీద కూర్చుంటే, ఆ సంఘము ఎన్నేండ్లదైనా ఇంకా పాలు త్రాగుతున్నదే.

మూడవది నీటిని నిలుపుకోవడం. కాలువ ఎగువన ఉన్న రైతు తన చేను నిండినా తూము మూయకపోతే శివారు చేను బీటలు వారుతుంది. వారానికి నాలుగు కూటాలకు వెళ్ళి, నోటు పుస్తకాలు నింపుకొని, ప్రక్క ఇంటి విధవరాలికి ఒక పూట వాక్యము చదివి వినిపించని విశ్వాసి ఎగువ రైతు వంటివాడు. నీరు ఎక్కువై అతని చేనూ కుళ్ళుతుంది.

మనలను మనమే పరీక్షించుకొందము

ఈ ప్రశ్నలు కుటుంబ ప్రార్థనలో పెద్దలూ పిల్లలూ కలిసి అడుగుకొనవచ్చును.

1. పోయిన ఏడు మనలను మండించిన మాట ఈ ఏడు కూడా అంతే మండిస్తున్నదా?

2. ఆరాధనలో మన పేరు పిలువకపోతే, మన కుర్చీలో మరొకరు కూర్చుంటే, ఆ వారము ప్రార్థన సాగుతున్నదా?

3. మనము క్షమాపణ అడిగిన చివరి మనిషి ఎవరు? మనకంటే చిన్నవారిని ఎప్పుడైనా అడిగామా?

4. మన వలన వాక్యములో పెరుగుతున్న ఒక్కరి పేరు చెప్పగలమా? కన్నబిడ్డలే కావచ్చు, పాలేరు కొడుకే కావచ్చు.

నాలుగవ ప్రశ్నకు జవాబు లేనివారు కృంగిపోనక్కరలేదు. ఊడ్పులు ఆలస్యమైన ఏడు కూడా మన రైతు చేనును వదిలిపెట్టడు. మళ్ళీ దమ్ము చేస్తాడు, అవసరమైతే క్రొత్త నారు తెస్తాడు. మనలను నాటినవాడు అంతకంటే ఓర్పుగలవాడు. ఈ ఆదివారము గుడి నుండి తిరిగి వచ్చేటప్పుడు, ఈ మధ్యన రావడం మానేసిన ఒక్కరి ఇంటి ముందు ఆగుదము. ఎందుకు రాలేదని నిలదీయకుండా ఎట్లున్నారని అడుగుదము. వారు చెప్పేది విని, వారితో కలిసి మోకరించుదము. ఒక గింజ గట్టిపడడం అక్కడ మొదలవుతుంది.

కోతకాలపు ప్రభువు మన చేనులోనికి వచ్చిననాడు, తలవంచిన వెన్నులు ఆయనకు కనబడును గాక.