సీటు కింద సీసం

అమెరికాలో అట్లాంటాకు నైరుతిగా పీచ్‌ట్రీ సిటీ అనే చిన్న ఊరుంది. అక్కడ గోల్ఫ్ కార్టులు తిరిగే ప్రత్యేక దారులు సుమారు 160 కిలోమీటర్లు. గోల్ఫ్ కర్ర ఏనాడూ పట్టనివాళ్ళు కూడా బజారుకూ బడికీ ఆ కార్టుల్లోనే వెళతారు. మన పెద్ద రైల్వేస్టేషన్లలో వృద్ధులను ప్లాట్‌ఫారం చివరిదాకా దింపే బ్యాటరీ కారు ఆ బండికి దగ్గరి చుట్టమే.

ఇలాంటి బండి పదిహేనేళ్ళు తిరిగాక ఎత్తు ఎక్కలేక నీరసించిపోతే, పాతబడింది అమ్మేద్దాం అంటారు. సాధారణంగా అప్పటికి చట్రం గట్టిగానే ఉంటుంది, మోటారూ తిరుగుతూనే ఉంటుంది. పోయేవి సీటు ఎత్తితే కనిపించే ఆరు సీసపు బ్యాటరీలు. ఒక్కొక్కటి 6 వోల్టులు, దాదాపు 28 కిలోలు. ఆరూ కలిస్తే 36 వోల్టులు, 170 కిలోలు. ఇంత బరువూ కలిసి దాచుకునే కరెంటు ఎనిమిది యూనిట్లు. లీటరు పెట్రోలు మండితే వచ్చే శక్తి అంతకన్నా కొంచెం ఎక్కువే. అయినా ఈ సీసపు పెట్టె నూట అరవై ఏళ్ళకు పైగా బతికింది. ఆ కథ తెలిస్తే, బ్యాటరీలు మార్చేటప్పుడు మెకానిక్ చెప్పే ప్రతి జాగ్రత్తకూ కారణం దొరుకుతుంది.

1859లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, నీళ్ళు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచాడు. కరెంటు పంపితే దాచుకుంది, అడిగితే తిరిగి ఇచ్చింది. అంతకుముందున్న బ్యాటరీలు ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. ప్లాంటే మరో సంగతి గమనించాడు. రేకులను మళ్ళీ మళ్ళీ నింపుతూ ఖాళీ చేస్తూ పోతే వాటి సామర్థ్యం పెరుగుతుంది. అలా తయారవడానికి నెలలు పట్టేది. 1881లో కామిల్ ఫోర్ రేకు మీద సీసపు ఆక్సైడు ముద్దను పూసి ఆ నిరీక్షణను బాగా తగ్గించాడు. ఆ ముద్దను పట్టి ఉంచడానికి జాలీ చట్రాలు వెంటనే వచ్చాయి. ఇవాళ్టి బ్యాటరీ ప్లేటు రూపం అదే.

1899లో బెల్జియంవాడు కామిల్ జెనాట్జీ పారిస్ దగ్గర ఇలాంటి బ్యాటరీలతో నడిచే కారులో గంటకు 105 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. నేలమీద వంద దాటిన మొదటి కారు పెట్రోలుది కాదు! తర్వాత పెట్రోలే గెలిచింది. 1912లో క్యాడిలాక్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చాక బ్యాటరీకి ఇంజన్ తిప్పే క్షణకాలపు పని మిగిలింది. దానికి పల్చటి ప్లేట్లు ఎక్కువ ఉంటే చాలు. 1950లలో అమెరికాలో గోల్ఫ్ కార్టులు వ్యాపించినప్పుడు పాత అవసరం తిరిగొచ్చింది. గంటల తరబడి నిదానంగా ఇచ్చి, రాత్రికి నింపుకుని, తెల్లారి మళ్ళీ బయల్దేరాలి. దానికి మందపాటి ప్లేట్లు కావాలి. చవగ్గా వస్తుందని కారు బ్యాటరీ తెచ్చి కార్టులో పెడితే కొద్ది నెలల్లోనే కుప్పకూలేది ఇందుకే.

లోపల జరిగేది చూడముచ్చటగా ఉంటుంది. కరెంటు వాడుతున్నకొద్దీ రెండు రకాల ప్లేట్లూ లెడ్ సల్ఫేట్‌గా మారతాయి, యాసిడ్ పలచబడి నీటివైపు జారుతుంది. ఛార్జింగ్‌లో అంతా వెనక్కి నడుస్తుంది. అందుకే హైడ్రోమీటరుతో యాసిడ్ సాంద్రత చూస్తే బ్యాటరీలోని ఒక్కో అర, అంటే సెల్, కడుపు ఎంత నిండిందో చెప్పవచ్చు. నిండుగా ఉంటే నీటికి సుమారు 1.28 రెట్లు. ఒక్కో సెల్‌కు వచ్చే 2.1 వోల్టుల్లో 1.7కు పైగా ఐన్‌స్టీన్ సాపేక్షత పుణ్యమేనని 2011లో ఉప్సల, హెల్సింకీ శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. సీసం పరమాణువు బరువైనది. కేంద్రకం పక్కన ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో గణనీయమైన వంతుతో తిరుగుతాయి. దాని కుటుంబంలోదే అయిన తగరంతో ఇలాంటి బ్యాటరీ లేకపోవడానికి కారణం ఇదేనట. ఈ సంగతి చదివినప్పటి నుంచీ నాకు ఈ నల్లపెట్టెల మీద గౌరవం పెరిగింది.

ఖాళీ అయిన బ్యాటరీని వారాలపాటు అలాగే వదిలేస్తే లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది, మళ్ళీ కరగదు. నీళ్ళు ఇంకి ప్లేట్లు గాలికి తేలితే ఆ భాగం ఎండి పోతుంది. ముందే చచ్చిపోయే బ్యాటరీల్లో చాలావాటికి ఆకలో దాహమో కారణం. డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ ఛార్జింగ్ పూర్తయ్యాక. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో మట్టం పెరిగి యాసిడ్ పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందుగా పోసి, మిగతాది తర్వాత నింపాలి.

ఇక మార్చడం. ఆరింటిలో ఒకటే పోయింది కదా, ఒకటే మారుద్దాం అనిపిస్తుంది. ఆరూ వరసగా కలిపినవి కాబట్టి అన్నిటి గుండా ఒకే కరెంటు పారుతుంది. కాడికి కొత్త ఎద్దును ముసలి ఎద్దు పక్కన కట్టినట్టే ఉంటుంది. బలహీనమైనది ముందు ఖాళీ అయ్యాక మిగతావి దానిలోంచి కరెంటును బలవంతంగా తోస్తాయి. ఛార్జర్ మొత్తం వోల్టేజీని మాత్రమే చూస్తుంది, ఏ సెల్‌కు ఎంత కావాలో దానికి తెలియదు. సెట్టు పాతదైతే ఆరూ ఒకేసారి, ఒకే రకానివి మార్చడమే చివరికి చవక.

విప్పే ముందు కేబుళ్ళ వరసను ఫోటో తీయండి. బండి స్విచ్ ఆపి, మెయిన్ నెగెటివ్ కేబుల్ ముందు విప్పండి. చేతి ఉంగరం, గడియారం తీసేయండి. రెండు టెర్మినళ్ళ మధ్య స్పానర్ పడితే వందల ఆంపియర్లు పారి ఎర్రగా కాలుతుంది. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నాలుగు శాతం చేరితే అంటుకోవడానికి నిప్పురవ్వ చాలు. కాబట్టి గది తలుపులు తెరిచి ఉంచండి. కొత్త సెట్టు మొదటి వారాల్లో దూరం తక్కువే ఇస్తే కంగారుపడకండి. కొన్ని పదుల సార్లు నిండి ఖాళీ అయ్యాకే పూర్తి బలం వస్తుంది. ప్లాంటే చూసింది ఇదే.

సీసం బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పెట్టేవాళ్ళు ఇప్పుడు పెరిగారు. బరువు చాలా తక్కువ, నీళ్ళ బాధ లేదు, ధర ఎక్కువ. ఆ పదార్థాన్ని 1990లలో టెక్సాస్‌లో జాన్ గుడినఫ్ బృందం గుర్తించింది. దానికి తగిన ఛార్జర్ కూడా మార్చాలి, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టకూడదు.

దింపిన పాత ఆరింటినీ ఎవరికి ఇస్తామన్నది కొత్తవి ఎంచుకోవడమంత ముఖ్యం. సీసాన్ని కరిగించి మళ్ళీ ప్లేట్లు చేయవచ్చు. అమెరికాలో ఈ బ్యాటరీలు దాదాపు అన్నీ అలాగే తిరిగి వస్తాయి. మన దేశంలో 2001 నుంచీ నియమాలున్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. అయినా పెరటి కొలిమిలో బ్యాటరీ పగలగొట్టి, యాసిడ్ కాలువలో పోసి, సీసం కరిగించే చోట్లు ఇంకా ఉన్నాయి. ఆ పొగా ఆ దుమ్మూ పీల్చే పిల్లల మెదడుకు జరిగే నష్టం తిరిగి పూడేది కాదు. పాత ఇనుము కొనేవాడు వంద రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా సరే, కొత్తవి అమ్మిన దుకాణానికే ఇచ్చి బిల్లులో తగ్గింపు రాయించుకోండి.