వెలుగునీడలకు లెక్క కట్టిన వియత్నాం యువకుడు

ఎండపూట అరుగుమీద ఒక మట్టికుండను, పక్కనే చింతపండుతో తోమిన ఇత్తడి చెంబును పెట్టి చూడండి. రెండింటిమీదా పడేది ఒకే ఎండ. కుండమీద వెలుగు మెల్లమెల్లగా తగ్గుతూ చాటువైపు చీకటిలో కలిసిపోతుంది. చెంబుమీద మాత్రం ఒకచోట జిగేలుమనే చుక్క మెరుస్తుంది. తల కాస్త పక్కకు జరిపితే ఆ చుక్క కూడా జరుగుతుంది. చేత్తో ముట్టకుండానే ఇది మట్టి, ఇది ఇత్తడి అని పసిపిల్లలు సైతం పోల్చుకునేది ఈ వెలుగునీడల వల్లనే.

మన కంటికి ఇంత సులువైన ఈ తేడాను కంప్యూటరుకు నేర్పడానికి ఏళ్లు పట్టింది. ఆ పనిలో ముఖ్యుడు వియత్నాంలో పుట్టిన బుయ్ తువాంగ్ ఫాంగ్. కంప్యూటరు బొమ్మలకు ఆయన వేసిన బాట నేటికీ చెరగలేదు. ఆ బాటన ఎందరు నడిచారో చూసే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు.

కారుకు కొలతలు

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో 1960 దశకం చివర నుంచి డేవిడ్ ఇవాన్స్, ఇవాన్ సదర్లాండ్ అనే ఆచార్యుల వద్ద విద్యార్థులు కంప్యూటరుతో బొమ్మలు గీయించే పరిశోధన సాగించారు. కంప్యూటరుకు తెలిసినవి అంకెలే. అందువల్ల ముందు వస్తువును చిన్న చిన్న పలకలుగా విభజించి, ప్రతి పలక మూల ఎక్కడున్నదో కొలిచి అందించాలి. 1972లో ఆ విద్యార్థులు ఒక ఫోక్స్‌వాగన్ కారుపై గీతలు గీసి, కొలకర్రలు పట్టి కొలతలు రాసుకున్నారు. మన ఊళ్లో సర్వేయరు గొలుసు లాగి పొలం హద్దులు రాసుకున్నట్లే కారుకు హద్దులు రాశారన్నమాట.

కొలతలు కుదిరినా రంగు కుదరలేదు. ఒక్కో పలకకు ఒక్కో రంగు వేస్తే గుండ్రటి వస్తువు కూడా ఉలితో చెక్కిన రాయిలా కనిపించేది. ఫ్రాన్సు నుంచి వచ్చిన విద్యార్థి ఆన్రీ గురో 1971లో దీనికొక ఉపాయం చెప్పాడు. పలక మూలల వద్ద మాత్రమే వెలుగు లెక్కకట్టి, నడుమ ఒక రంగును మరో రంగులోకి మెల్లగా కలిపివేయాలి. తన భార్య ముఖంమీదే గీతలు గీసి, ఫోటోలు తీసి, కొలతలు ఎక్కించి ఆయన తన పద్ధతిని పరీక్షించాడు. ముఖం నునుపుగా వచ్చింది.

అయితే ఒక లోపం మిగిలింది. మెరుపు చుక్క పలక మూలమీద పడితే సరే, నడిమధ్య పడితే లెక్కకు అందేది కాదు. చెంబు చెంబులా మెరిసేది కాదు.

మూడు పాళ్ల వెలుగు

ఈ చిక్కును విప్పినవాడు ఫాంగ్. ఆయన 1942లో హనోయిలో జన్మించారు. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు కుటుంబంతో సైగాన్ చేరారు. 1964లో చదువుకోసం ఫ్రాన్సు వెళ్లి, 1971లో యూటాకు వచ్చారు. స్వదేశంలో యుద్ధం సాగుతున్న రోజులవి.

వస్తువుమీద కనిపించే వెలుగును ఆయన మూడు పాళ్లుగా విడదీశారు. మొదటిది నలువైపుల నుంచి వచ్చి పడే మసక వెలుగు. తలుపు మూసిన గదిలో మధ్యాహ్నం దీపం లేకున్నా గాదె కనిపించేది దీనివల్లనే.

రెండవది మట్టికుండ వెలుగు. దీని లెక్క పాతదే. లాంబర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1760లోనే చెప్పాడు. వెలుగు నిట్టనిలువుగా పడితే నూరు పాళ్లు అనుకుంటే, 60 డిగ్రీలు ఏటవాలుగా పడినప్పుడు 50 పాళ్లే అందుతుంది. నడినెత్తి ఎండ చురుక్కుమని, పొద్దువాలినాక అదే సూర్యుడు చల్లబడడానికి ఇదీ ఒక కారణం.

మూడవది ఇత్తడి చెంబు మెరుపు. అద్దంలో మాదిరి వెలుగు తిరిగి వచ్చే దారిలో సరిగ్గా మన కన్ను ఉంటే మెరుపు నిండుగా ఉంటుంది. కన్ను పక్కకు జరిగిన కొద్దీ తగ్గుతుంది. ఎంత త్వరగా తగ్గాలన్నదే ఫాంగ్ పట్టుకున్న కిటుకు. 20 డిగ్రీలు జరిగితే వచ్చే అంకె నూటికి 94. ఆ 94 వంతులను పదిసార్లు తమలో తాము గుణిస్తే సుమారు 54 మిగులుతుంది. అది నూనె రాసిన చెక్కలాంటి మెత్తని మెరుపు. అదే నూరుసార్లు గుణిస్తే నూటికి ఒక వంతు కూడా మిగలదు. అది తోమిన చెంబుమీది సన్నని చుక్క. ఒక్క అంకె మారిస్తే చెక్క లోహమైనట్లు కనిపిస్తుంది!

అంతటితో ఆగక, పలక మూలల రంగులను కాకుండా మూలల వాలును నడుమ కలుపుకుంటూ పోవాలని ఆయన సూచించారు. అప్పుడు ప్రతి చుక్కకూ ఉపరితలం ఎటు తిరిగి ఉన్నదో తెలుస్తుంది. మెరుపు ఎక్కడ పడినా దొరుకుతుంది. ఆనాటి యంత్రాలకు ఇది పెనుభారమే. కాని ఫలితం కళ్లకు కట్టింది.

నిలిచిన పేరు

1973లో ఫాంగ్‌కు డాక్టరేటు లభించింది. ఆయన వ్యాసం 1975 జూన్‌లో అచ్చయింది. అదే ఏడాది అనారోగ్యంతో ఆయన కన్నుమూశారు. అప్పటికి 33 ఏళ్లయినా నిండలేదు.

వియత్నాంలో కూడా మన తెలుగువారికి మల్లే ఇంటిపేరు ముందు వస్తుంది. బుయ్ ఇంటిపేరు, చివరి ఫాంగ్ పెట్టిన పేరు. పాశ్చాత్య దేశాల్లో ఇంటిపేరు చివర వస్తుంది కాబట్టి ఆ పద్ధతికి ఫాంగ్ అన్న పేరే స్థిరపడిపోయింది. తల్లిదండ్రులు నోరారా పిలిచిన పేరే ప్రపంచమంతటా నిలవడం విశేషం.

1977లో జిమ్ బ్లిన్ ఈ లెక్కను మరింత సులువు చేశాడు. యూటాలోనే 1975లో మార్టిన్ న్యూవెల్ కొలతలు తీసిన టీ కెటిల్ ఈ లెక్కలకు పరీక్షా వస్తువుగా పేరు పొంది, నేడు కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర మ్యూజియంలో ఉన్నది.

ఫాంగ్ సూత్రానికీ హద్దులున్నాయి. చెట్టు నీడ గోడమీద ఎక్కడ పడుతుందో అది చెప్పదు. దానికి వేరే లెక్క కావాలి. అది ప్రకృతి నియమం కూడా కాదు. కంటిచూపును గమనించి కట్టిన అంచనా మాత్రమే. ఇప్పుడు సినిమాలకు ఇంతకంటే నిక్కమైన పద్ధతులు వచ్చాయి. 2012లో విడుదలైన ‘ఈగ’ చిత్రంలో కంప్యూటరులో పుట్టిన ఈగను మన పల్లెల్లోనూ చూసి మెచ్చుకున్నారు. ఆ పనితనానికి హైదరాబాదులోని మకుట సంస్థకు జాతీయ అవార్డు దక్కింది. పద్ధతి ఏదైనా బొమ్మలు చేసేవారి ముందుండే ప్రశ్నలు పాతవే. వెలుగు ఎటునుంచి వస్తోంది? వస్తువు ఎటు తిరిగి ఉంది? చూసే కన్ను ఎక్కడుంది?

రేపు ఉదయం బావి గట్టుమీద బిందె తళుక్కుమన్నప్పుడు ఒక్క అడుగు పక్కకు వేసి చూడండి. ఆ మెరుపు జారిపోయే తీరును అంకెల్లో పట్టి ఇచ్చినవాడు, యుద్ధంలో నలిగిన దేశంలో పుట్టి, పట్టుమని 33 ఏళ్లయినా బతకని ఒక విద్యార్థి.